బీరమ్మ దొడ్లె పెద్ద బండి

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, మిరుగం కార్తె ఎల్లంగనే నన్ను నల్లగొండకెల్లి అచ్చంపేట దిక్కు ఒక చిన్న సర్కారు ఐటీఐకి బదిలి చేసిండ్రు. డీజిల్ మెకానిక్ ట్రేడు, హోదా డీటీవో. డీటీవో అంటె డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరు బిడ్డా. పాఠం చెప్పెటోళ్లల్ల అందరికన్న కింద ఏటీవో, ఆ మీద మేము, మా మీద ట్రైనింగ్ ఆఫీసరు, అందరి మీద ప్రిన్సిపాలు. ఆ చిన్న ఐటీఐల ట్రైనింగ్ ఆఫీసరు కుర్చి ఖాళీ, ఏటీవో కుర్చి ఖాళీ. అంటె మా ట్రేడుకు మీద నేనే, కింద నేనే.

మొన్న చిన్నోడు పూణెకెల్లి ఫోన్ చేసి, "అవ్వా, పాత పెద్ద బండి ఒకటి కొన్న, ఇంటికాన్నే దాన్ని కొత్తగ చేసుకుంట, ఏ లైట్లు పెడితె మంచిగుంటది" అని అడిగిండు. వెనకకెల్లి వాని అక్క నవ్వుకుంట, "అవ్వా, నువ్వు నిజంగ బండి కిందికి దూరినవా" అంటాంది. దూరిన తల్లీ. ఈ కొప్పుతోనే దూరిన. మీరప్పుడు చిన్న పోరలు, ఎవరు మీకు చెప్పలే. ఇద్దరికి ఒక్కటే జవాబు చెప్త, జర ఓపికతోని ఇనుండ్రి.

మా ట్రేడుకు ఒక కాయిదా, రూలన్నట్టు, ఉంటది. పిల్లలకు నేర్పాలంటె ఇంజన్లు, పంపులు, పానాలు ఉంటె సాలదు, నడిచే బండి ఒకటి ఉండాలె. బోర్డు మీద బొమ్మ గీసి బ్రేకు చెప్పుడు, ఈత పీట మీద నేర్పినట్టె. మా ఐటీఐల నడిచే బండి లేదు. దసర ఎల్లినంక హైదరాబాదుకెల్లి తనిఖీ సారు వస్తడని, అప్పటికి బండి నడవకపోతె వచ్చే ఏటికి కొత్త పిల్లలను చేర్చుకోనియ్యరని నేను చేరిన వారంలనే చెప్పిండ్రు. మా పిల్లలల్ల సగం మంది అడవి పక్క పెంటలకెల్లి, చిన్న చిన్న గూడేలన్నట్టు, నడిచొచ్చేటోళ్లు. ఈడ ట్రేడు మూసేస్తె, మహబూబ్‌నగర్ పోయి చదువుకోండ్రి అంటరు. వాళ్ల తమ్ముళ్లు, చెల్లెండ్లు ఎవరు పోరు. గొర్ల ఎనక పోతరు, లేకుంటె కూలికి పోతరు. అది నాకు చేరిన దినమే అర్థమైంది.

బండైతె ఇచ్చిండ్రు. ఏదో ఆఫీసుల ఏండ్ల సంది పక్కకు పడేసిన తొమ్మిది సీట్ల పెద్ద బండి. వెనక ఎదురెదురు బల్లలు, ముందు రైలు డబ్బ తీరు మొఖం. ట్రాక్టరుకు కట్టి గుంజుకొచ్చిండ్రు. పెట్టెతందుకు జాగా లేదు. మా ఐటీఐ కిరాయి బంగ్లల నడుస్తుండె, ఆ బంగ్ల ఆసామి బండల మీద నూనె చుక్క పడితె ఊకోనని ముందే చెప్పిండు. మా ప్రిన్సిపాలు సారు నెమ్మదస్తుడు, కాని మహా బుగులు మనిషి. "మేడం, మీరు కిరాయికున్న ఇంటికాడ ఎనక జాగ ఉన్నదట గద. ఆడ పెట్టుకొని ఏం చేస్తరో చెయ్యుండ్రి. నేనైతె చూడలే" అన్నడు. సారుకు అది ఊతపదం. మంచైనా చెడైనా, "నేను చూడలే."

నేనున్న ఇల్లు బీరమ్మది. కురుమోళ్లు. ముందు రెండర్రలు నాకిచ్చిండ్రు, పక్క ఇంట్ల వాళ్లు, ఎనక కంప నాటిన గొర్ల దొడ్డి. బీరమ్మ మొగడు మల్లయ్య పొద్దుగాల మంద తోలుకపోతె మళ్ల మాపటికే. బండి దొడ్లెకు రాంగనె బీరమ్మ చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, టైరును కాలుతోని తన్ని అడిగింది.

"అక్కా, ఇది బతికున్నదా సచ్చిందా?"

"కొన ఊపిరి ఉన్నది."

"మరి గిట్లాంటప్పుడు కోసుడు మంచిదే. ఆలిస్యం చేస్తె కూరకు గూడ పనికి రాదు."

మూన్నాళ్లకు వాన పట్టింది. పొద్దుగాల పోయి బండి ఎనక తలుపు తీస్తె, బల్ల మీద ఒక బొల్లి గొర్రె, దాని పక్కన తడితడి పిల్ల. బొల్లి అంటె మొఖం మీద తెల్ల మచ్చ ఉండేది. బీరమ్మ వచ్చి, "నీ బండి ఈనింది అక్కా" అన్నది. ఆ బొల్లి మందకు పెద్ద. మెడల గంట దానికే. అది యాడికి పోతె మంద ఆడికే. అప్పటికెల్లి ఆ బండి దానిదనే అనుకున్నది. నేను కిందికెల్లి పని చేస్తుంటె మీదికెల్లి కిటికిల మొఖం పెట్టి సూపర్వైజర్ తీరు చూసేది.

ఇగ పని. మీ తాత అప్పుడు చౌటుప్పల్ల మందుల ఫ్యాక్టరీల బాయిలరు కాడ నౌకరి. ఐతారం ఐతారం వచ్చేది. జిందగిల స్కూటరు తప్ప ఏది నడపలే, కాని బండ్ల సంగతి అడిగితె తనకే తెలుసంటడు. మొదటి ఐతారమే ఒక సంచి పట్టుకొచ్చిండు. అండ్ల మూడు బాకాల హారను, నీలం లైట్లు.

"బండికి ముందు కళ రావాలె" అన్నడు.

"ముందు అది ఆగుడు రావాలె" అన్న.

"నడవనే లేదు, ఆగుడెందుకు?"

"నడిచిందనుకో. ఆగకపోతె మీ బాకాలు ఊదుకుంట పోయి చెర్ల పడాల్నా?"

తాత సంచి మూతి కట్టి మూలకు పెట్టిండు. అయితె బాకాలు మాత్రం ఎనకకు తీస్కపోలే. అది యాదికుంచుకోండ్రి.

బ్రేకుల సంగతి జర చెప్త. ఆ మోడల్‌కు ముందు చక్రాలకు గూడ డ్రమ్ములే. డ్రమ్మంటె బోర్లిచ్చిన గంజు గిన్నె అసోంటిది. లోపటికెల్లి రెండు షూలు, వంకర ఇనుప పట్టీలు, విచ్చుకొని గంజును ఒత్తి పడితె చక్రం ఆగుతది. మంచిగున్నప్పుడు మంచిదే. నీళ్లు బడ్డా, దుమ్ము చేరినా ఒక చక్రం పట్టుకుంటది, ఇంకొకటి జారిపోతది, బండి పక్కకు గుంజుతది. గంత బరువు బండి పక్కకు గుంజితె స్టీరింగు పట్టుకున్నోళ్లకు చెమటలు పడతయి. తర్వాత వచ్చిన మోడళ్లకు ముందల డిస్కులు పెట్టిండ్రు. డిస్కు ఒక ఇనుప పళ్లెం. దాన్ని రెండు దిక్కులకెల్లి పట్టుకారుతోని పట్టినట్టు పడ్తది. నేను ఆ డిస్కులే పెడ్తా అనుకున్న. అవి పెట్టాలంటె ఉత్త పళ్లెం మారిస్తె అయిపోదు. చక్రం నిలబడే హబ్బు మార్చాలె, పెడలు కాడ నూనె తోసే మాస్టరు సిలిండరు మార్చాలె, దానికి బలమిచ్చే బూస్టరు పెద్దది పెట్టాలె. అన్ని ఒక్క ఇంటి సామానుండాలె, లేకుంటె కలవయి.

ప్రిన్సిపాలు సారుకు చెప్పిన. సర్కారు బండిల ఉన్న భాగం ఉన్నట్టు రిపేరు చేస్తె ఎవరు అడగరు. ఒక తీరుది తీసి ఇంకో తీరుది పెడితె మాత్రం పైకెల్లి మంజూరు కావాలె. మంజూరుకు రాస్తె అది వచ్చేటాలకు తనిఖీ వచ్చి పోతది. సారు కిటికిల కెల్లి బయటికి చూసుకుంట, "డ్రమ్ములా డిస్కులా, నాకు రెండు ఒక్క తీరుగనే కనబడ్తయి మేడం. నేను చూడలే" అన్నడు. నేను దాన్ని ఒప్పుకున్నట్టె లెక్క పెట్టుకున్న.

సామాను తెచ్చే పని మీ తాతకు ఒప్పజెప్పిన. హైదరాబాదుల పాత సామాన్ల దుకాణాలు తిరిగి, నేను గీసిచ్చిన బొమ్మ చూపెట్టి, పెద్ద మనిషి అన్ని సరిగ్గనే తెచ్చిండు. డిస్కులు దుప్పట్ల కట్టి బస్సుల ఒళ్లె పెట్టుకొని కూసున్నడట. పక్క సీటు పెద్దమ్మ దుప్పటి తట్టి చూసి, "ఏ జాతరల దుకాణం పెడ్తున్నవు కొడుకా, ఇంతింత రొట్టెల పెనాలు తీస్కపోతున్నవు" అన్నదట. తాతకు పౌరుషమొచ్చి బ్రేకులని చెప్పిండట. "అయితె ముందు ఈ బస్సుకు పెట్టియ్యి" అన్నదట ఆమె.

ఐతారాలు మా ట్రేడు పిల్లలు వచ్చేది. బండిని జాకీతోని లేపి, కింద స్టాండ్లు పెట్టి, ఆ స్టాండ్లను ఊపి చూసినంకనే కిందికి దూరాలె. ఉత్త జాకీని నమ్మి ఎన్నడు దూరొద్దు చిన్నోడా, జాకీ లేపెతందుకే, మోసెతందుకు కాదు. హబ్బులు మార్చినం, డిస్కులెక్కించినం, పైపులు బిగించినం. ఆఖరుకు గాలి తీసుడు మిగిలింది. బ్రేకు పైపుల నూనెనే ఉండాలె, గాలి బుడగ ఉన్నదంటె పెడలు తొక్కితె మెత్తగ పోతది. దానికి ఇద్దరు కావాలె. ఒకరు పెడలు తొక్కి పట్టాలె, ఒకరు చక్రం కాడ చిన్న నిప్పలు, గాలి పోయే మర, ఇప్పి బుడగలు పోనిచ్చి మళ్ల బిగియ్యాలె. బిగించే దాక పెడలు ఇడ్వొద్దు. ఇడిస్తె పోయిన గాలి మళ్ల లోపటికి గుంజుకుంటది.

ఆ దినం పిల్లలకు పరీక్ష. ఎవరు లేరు. బీరమ్మను ఎక్కించిన.

"తొక్కు."

"తొక్కిన."

"పట్టు. ఇడ్వకు."

"పట్టిన... అయ్యో! పిల్ల కంపల ఇర్కింది! హే, హే, హే!"

"బీరమ్మా, ఇడిస్తివా?"

"ఇడ్వనా మరి? అది నా పిల్ల. ఇది నీ బండి."

మళ్ల మొదటికెల్లి. తొక్కు అంటె తొక్కుతది, పట్టు అంటె పడ్తది, దొడ్ల ఏ గొర్రె తుమ్మినా ఇడుస్తది. ఆఖరుకు నేనే బొల్లి పిల్లను తెచ్చి ఆమె ఒళ్లె పెట్టిన. పిల్లను నిమురుకుంట కూసుంటె కాలు కదలలే. "బర్రెకు పాలు పిండుడు ఇంతకన్న నయ్యం అక్కా, అది జర సేపైనంక ఇస్తది" అన్నది. పొద్దుమీకేటాలకు పెడలు రాయి తీరు గట్టిపడ్డది.

బ్రేకైనంకనే ఇంజను ముట్టిన. డీజిల్ ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, డీజిల్ చిమ్మే నాజిళ్లు పరీక్ష చేయించి, హీటరు ప్లగ్గులు కొత్తయి ఏసిన. పాత డీజిల్ ఇంజను సల్లగున్నప్పుడు ఒట్టిగ తిప్పితె పట్టుకోదు. తాళం సగం తిప్పితె లోపట ప్లగ్గులు ఎర్రగయి సిలిండర్లు ఎచ్చవడ్తయి, ముందల ఒక చిన్న లైటు ఎలుగుతది. ఆ లైటు ఆరినంకనే పూర్తిగ తిప్పాలె. నేను తిప్పిన. ఒక దగ్గు దగ్గింది, నల్ల పొగ కక్కింది, పట్టుకున్నది. దడ దడ దడ అని ఇల్లంత అదిరింది. నా సంబురం చెప్పవశం గాదు.

మంద మాత్రం కంప దుంకి ఊరు దాటింది.

మల్లయ్య దినమంత తిరిగి గొర్లను మళ్లేసుకొచ్చిండు. వచ్చి, రుమాలు ఇప్పి నేల మీద కొట్టిండు. మల్లయ్య పేరుకు మెత్తని మనిషి, కోపమొస్తె మాత్రం మర్యాద ఇంకా ఎక్కువైతది. "మేడం గారు, తమరి బండన్న ఉండాలె, నా మందన్న ఉండాలె. తమరే చెప్పుండ్రి" అన్నడు. ఉత్త మాట గాదది. ఆ ఇల్లు ఇడిస్తె బండి పెట్టెతందుకు వేరే జాగా లేదు నాకు.

దారి బీరమ్మనే చూపెట్టింది. మొగని మీదికే లేచింది. "ఓ, మందల కొత్త కుక్క కలిస్తె ఏం చేస్తవయ్యా? మందను అమ్ముకుంటవా, కుక్కను తరుముతవా? కుక్క మొరిగినప్పుడల్ల గుప్పెడు మక్కనూక పోస్తవు. నాల్గు దినాలకు భయం పోయి దాని పక్కనే మేస్తయి. ఇది గూడ కుక్కనే అనుకో. జర పెద్ద కుక్క."

నాకు బ్రహ్మాండంగ తోచింది. ఎట్లాగు నేను దినాం పొద్దుగాల సల్లటి ఇంజనును ఒకసారి చాలు చేసి చూడాలె. రాత్రంత సల్లవడ్డ ఇంజను పొద్దుగాల ఒక్క తిప్పుకు పట్టుకుంటెనే బాగైనట్టు. నేను తాళం తిప్పుడు, బీరమ్మ బండి ఎనక తలుపు తీసి నూక పోసుడు. నూక సంచి గూడ ఆ ఎనక బల్ల మీదనే పెట్టింది, ఎలుకలు రావని. మొదటి రెండు పొద్దులు గొర్లు దూరంకెల్లి చూసినయి. తర్వాత బొల్లి వచ్చింది. బొల్లి వస్తె ఇగ అన్ని వచ్చినయి. కొన్ని దినాలకు నేను బండెక్కక ముందే బొల్లి ముందటి బంపరు కాడ, మిగిలినయి ఎనక బంపరు కాడ వరుసకట్టి నిలబడుతుండె. బీరమ్మకు ఇంకా సుఖం. పొద్దుగాల దాణాకు గొర్లను పిలిచే పని తప్పింది. "నా గడియారం నీ ఇంజనే అక్కా" అనేది. మల్లయ్య గూడ రుమాలు మళ్ల సుట్టుకున్నడు.

నేనైతె మురిసిపోయిన. బండికి జబ్బు పోయింది, మందకు భయం పోయింది. ఒక్క ముచ్చట మాత్రం తట్టలే నాకు. భయం పోయిన జాగల ఏం వచ్చి చేరిందో చూడలే.

దసర ఎల్లింది. తనిఖీ దినం తెలిసింది. సారు సల్లటి ఇంజనును తన ఎదురుంగ చాలు చేయిస్తడు, అందుకని ముందటి మాపే బండిని ఐటీఐ బంగ్ల ముందటి ఉత్త మైదానంలకు నడుపుకపోయి నిలబెట్టిన, తనిఖీ దినానికని ఆసామి ఊకున్నడు. నూక సంచి దించి బీరమ్మ ఇంట్ల పెట్టిన. బీరమ్మ ఊర్లె లేదు, చెల్లె బిడ్డ పెండ్లికని కల్వకుర్తి పోయింది. దాణా సంగతంత ఆమె చేతిలనే ఉంటుండె, మల్లయ్య ఆ పని ముట్టకపోతుండె. పొద్దుగాల గొర్లు బండి జాగల నిలబడి ఖాళీ నేలను చూసుకుంట అరుస్తుంటె, ఆకలికని అనుకొని అదిలించి తోలుకపోయిండు. యాడికి? మక్క కోసిన చెల్కలకు. ఆ చెల్కలు మా ఐటీఐ ఎనకనే.

తనిఖీ సారు సన్నటి మనిషి, తెల్ల అంగి, జేబుల పెన్ను. మాట తక్కువ. లోపట ఇంజన్లు, సామాన్లు అన్ని చూసి, బయటికొచ్చి బండి బానెట్టు ఎత్తమన్నడు. చెయ్యి పెట్టి ఇంజను సల్లగున్నదా లేదా చూసిండు. మంచి ఆఫీసరు చేసే పని అది. ముందే ఎచ్చజేసి మోసం చేసెటోళ్లుంటరు. పిల్లలు వరుసకు నిలబడ్డరు. ప్రిన్సిపాలు సారు నీళ్ల సీసా పట్టుకొని చెట్టు ఎనక సగం, ముందట సగం ఉన్నడు.

"చాలు చెయ్యుండ్రి."

తాళం సగం తిప్పిన. లైటు ఎలిగింది. ఆరింది. పూర్తిగ తిప్పిన. ఒక్క తిప్పుకు పట్టుకున్నది. దడ దడ దడ. సారు తలకాయ ఊపి పెన్ను తీసిండు.

అప్పుడే ఎనకకెల్లి గంట ఇనబడ్డది.

మా ఐటీఐకి ప్రహరి లేదు, కంప తడికనే. బొల్లి ఆ తడికను ఒక్క దుంకుల దాటింది. దాని ఎనక మంద. చెల్క మీద దుమ్ము లేసింది. అంత మంద ఒక్క ఊపుల వచ్చి బండిని చుట్టుముట్టి, ఎనక తలుపు దిక్కు మొఖం పెట్టి నిలబడి, అరుసుడు పెట్టింది. ముందటి కాళ్లు బంపరు మీద పెట్టినయి కొన్ని. ఒకటి సారు చేతిల కాయితం వాసన చూసింది.

సారు కాయితం మీదికెత్తి పట్టుకొని, నెమ్మదిగ నన్ను అడిగిండు. "మేడం, ఇవి ఏ ట్రేడు?"

సారు ప్రిన్సిపాలు దిక్కు చూసిండు.

"నేను చూడలే సార్" అన్నడు ప్రిన్సిపాలు. అప్పటికే ఒక పొట్టేలు ఆయన నీళ్ల సీసాను పొడుస్తాంది.

మల్లయ్య రొప్పుకుంట ఉరికొచ్చిండు. "మేడం, ఆ ఇంజను బంద్ చెయ్యుండ్రి, నా మంద ఆగుతలేదు!" బంద్ చేసిన. చప్పుడు ఆగంగనే మంద గూడ ఆగింది. జర సేపు చూసి, నూక రాలేదని, మల్లయ్య అదిలిస్తె చెల్క దిక్కు మళ్లింది. పిల్లలు నవ్వాపుకోలేక భూమి దిక్కు చూస్తాండ్రు. ఇగ అయిపోయిందిలే అనుకున్న.

కాని తనిఖీల ఇంకో పద్ధతి ఉంటది. ఎచ్చటి ఇంజనును బంద్ చేసి, వెంటనే మళ్ల చాలు చేయించాలె. కొన్ని పంపులు సల్లగున్నప్పుడు మంచిగుండి, ఎచ్చగైతె మొండికేస్తయి. "మళ్ల చాలు చెయ్యుండ్రి" అన్నడు సారు. నేను మల్లయ్య దిక్కు చూసిన. మల్లయ్య దండం పెట్టిండు, వద్దన్నట్టు. పద్ధతి పద్ధతే. తిప్పిన.

వచ్చినయి. ఈసారి ఇంకా జోరుగ వచ్చినయి, తొవ్వ తెలిసింది గద.

సారు గొర్ల నడుమకెల్లి నడిచొచ్చి, బండెక్కి నా పక్క సీట్ల కూసున్నడు. "బ్రేకు చూద్దాం. అదొక్కటి మంచిగ లేకుంటె మిగిలినయి ఎట్లున్నా నేను రాయలేను మేడం" అన్నడు. ఆ ముక్కతోని నా నవ్వు, సిగ్గు రెండు పోయినయి. పెంటలకెల్లి వచ్చిన పిల్లలు ఆ వరుసల్నే నిలబడి ఉన్నరు. వాళ్ల తమ్ముళ్ల సీట్లు ఆ పెడలు కింద ఉన్నయి.

పద్ధతి ఏందంటె, మైదానం ఈ కొసకెల్లి వేగంగ పోయి, ఆ కొసకు సున్నం గీత కాడ గట్టిగ తొక్కాలె. చక్రాలు పక్కకు గుంజకుండ, బండి సక్కగ ఆగాలె. పిల్లలు, మల్లయ్య కలిసి గొర్లను పక్కకు నూకి దారి చేసిండ్రు. నేను గేరేసిన. రెండో గేరు, మూడో గేరు. బండి ఊపందుకున్నది. గొర్లు పక్కకెల్లి ఉరుకుతున్నయి. ఇంకా గీత దూరమున్నది.

బొల్లి తెలివైన గొర్రె. ఎనక పడి ఉరికితె లాభం లేదని దానికి తోచినట్టుంది. అడ్డం తిరిగి, ఏటవాలుగ కోసుకొచ్చి, సక్కగ నా బంపరు ముందట నిలబడ్డది. దినాం నిలబడే జాగనే గద అది. ఉరుకుడు దానికి తెలుసు, బండి గూడ ఉరుకుతదని తెల్వదు.

నేను హారను ఒత్తిన.

మీ తాత నాకు చెప్పకుండ ఏ ఐతారమో ఆ మూడు బాకాలు బిగించిండు. ఆ హారను పీపీ అనలే. పెండ్లి బ్యాండు మేళం మొదలైనట్టు ఒక రాగమే ఎత్తుకున్నది. ప్రిన్సిపాలు సారు చేతిలకెల్లి సీసా జారింది. బొల్లి రెప్ప గూడ కొట్టలే. రాగం నడుస్తనే ఉన్నది, నేను పెడలు మొత్తం తొక్కిన.

ఆగింది. గుంజలే, వంగలే, తాడు పట్టి ఆపినట్టు నిలబడ్డది. సారు పెన్ను ఎగిరి ముందటి అద్దానికి తాకింది. దుమ్ము దిగినంక చూస్తె, బొల్లి బంపరును నాకుతాంది. ఉప్పగ ఉన్నదేమో.

సారు దిగిండు. ఎనకకు నడిచి చక్రాల గీతలు చూసిండు. రెండు గీతలు, తాళ్లు పరిచినట్టు సక్కగున్నయి. మళ్ల ముందటికొచ్చి, మోకాళ్ల మీద కూసుండి చక్రం లోపటికి తొంగి చూసిండు. సాన సేపు చూసిండు. నాకు తెలిసిపోయింది ఏం అడుగుతడో.

"ఈ మోడల్‌కు ముందట డ్రమ్ములు గద మేడం?"

"అవును సార్."

"మంజూరున్నదా?"

"లేదు సార్. నేనే మార్చిన. డ్రమ్ములు పక్కకు గుంజుతుండె. ఈ బండి మీద పిల్లలు నేర్చుకోవాలె."

సారు బొల్లిని చూసిండు. బొల్లి సారును చూసింది.

"డ్రమ్ములే ఉంటె, ఈ పాటికి ఆ గొర్ల ఆసామి మనల్ని ఇద్దరిని కంప కట్టెతోని కొడుతుండె" అన్నడు. నవ్విండో లేదో నాకు కనబడలే. కాయితం బానెట్టు మీద పెట్టి రాసుకున్నడు. పిల్లలకు నేర్పెతందుకు డిస్కు బ్రేకు గూడ అమర్చిండ్రని, బండి నడుస్తదని, ఆగుతదని. డ్రమ్ములు పారెయ్యకుండ బల్ల మీద పెట్టి రెండు తీర్లు చూపెట్టి నేర్పుమన్నడు. మంజూరుకు ఇప్పుడు రాసి పంపుండ్రి, నేను సిఫారసు చేస్త అన్నడు.

అప్పుడు ప్రిన్సిపాలు సారు చెట్టు ఎనకకెల్లి పూర్తిగ బయటికొచ్చిండు. "సార్, డ్రమ్ము తీసుడుకెల్లి డిస్కు ఎక్కిచ్చేదాక అంత నా ఎదురుంగనే. కండ్లార చూసిన" అన్నడు.

ట్రేడు నిలబడ్డది. వచ్చే ఏడు కొత్త పిల్లలు చేరిండ్రు. బంగ్ల ఆసామిని ఒప్పిచ్చి బండికి ఆ మైదానంలనే రేకుల షెడ్డేసిండ్రు, దొడ్లెకెల్లి అది పోయింది. కల్వకుర్తికెల్లి వచ్చి బీరమ్మ నన్ను తిట్టిన తిట్లు మీకు చెప్పొద్దు. బండి చప్పుడు లేంది గొర్లు దాణా కాడికి వస్తలేవట. ఆఖరుకు మల్లయ్య ఐటీఐకి వచ్చి, నేను ఇంజను చాలు చేస్తుంటె తన సెల్ల రికార్డు చేసుకపోయిండు. దినాం పొద్దుగాల సెల్ల చప్పుడు పెడితె మంద కదిలేది. బొల్లికి మాత్రం అనుమానమే, సెల్లు చుట్టూ తిరిగి ఎనక తలుపు ఎతుకుతుండెనట.

ఇంటికాడ బండి పని చేసుడు వేరు, షెడ్ల చేసుడు వేరు అని నాకప్పుడే తెలిసింది. షెడ్ల నువ్వు బండికే అలవాటైతవు. ఇంటికాడ నువ్వు దినాం చేసే పనికి ఇల్లంత అలవాటు పడ్తది, పక్కింటోళ్లు, పిల్లలు, కుక్కలు, గొర్లు, అన్ని. బండి బయటికి తీసేముందు, దాని చప్పుడు ఎవరెవరికి ఏం చెప్తాందో ఒకసారి అడిగి చూసుకోవాలె. నేను అడగలే. అయినా ఆ దినం గండం గడిచిందంటె, ముందు బ్రేకు, తర్వాత ఇంజను అని చేసిన వరుస సక్కగుండుట్ల గడిచింది.

గందుకే చిన్నోడా, లైట్ల ముచ్చట తర్వాత. ముందు చక్రం ఇప్పి లోపట ఏమున్నదో ఫోటో తీసి పంపు. హారను సంగతి తాతను అడగకు.